తడి రంగు

ఆ వేసవిలో నేను పుట్టింటికి రెండు సూట్‌కేసులతో, ఒక రాకెట్‌తో వచ్చాను.

అప్పటికది రాకెట్ కాదు. ఓ పొడవాటి అట్టపెట్టెలో ఒక గొట్టం, రెక్కలు కోసుకోవడానికి పలుచటి చెక్క, ప్లాస్టిక్ ముక్కు, మడతపెట్టిన చిన్న పారాచూట్. మందు కూరిన మోటారు పెట్టి మీట నొక్కితే నిజంగానే ఆకాశంలోకి ఎగిరే బొమ్మ. పెళ్ళికి ముందు నా జీతంతో కొనుక్కున్నాను. పెళ్ళయ్యాక అది అటకెక్కింది. వచ్చేసేరోజు నగలకంటే ముందు దాన్నే దించాను.

అమ్మ గుమ్మంలో నిలబడి ముందు సూట్‌కేసులు చూసింది. తర్వాత నా మొహం, మెడ, చేతులు చూసింది. అమ్మ రిటైరైన నర్సు. మనిషిని చూసి జ్వరం ఎంతుందో చెప్పగలదు.

"దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదమ్మా."

"మరి? ఎన్నాళ్ళుంటావు?"

"వచ్చేశాను."

"వచ్చావు సరే, ఎన్నాళ్ళుండటానికొచ్చావు అని."

"వచ్చాను అన్లేదమ్మా. వచ్చేశాను అన్నాను."

అమ్మ పక్కకి జరిగింది. నాన్న సూట్‌కేసులందుకుని లోపలికి తీసుకెళ్ళాడు. నాన్న బడిలో డ్రిల్లు మాస్టారుగా చేశాడు. మైదానంలో ఆయన గొంతు వింటే పిట్టలు కూడా వరసలో ఎగిరేవని జనం నవ్వుకునేవాళ్ళు. ఇంటికొచ్చేసరికి ఆ గొంతు ఎక్కడ దాచుకునేవాడో ఎవరికీ తెలియదు.

మర్నాడే కట్టుడు పళ్ళు చేసే పాత ల్యాబుకి వెళ్ళాను. పెళ్ళికి ముందు అక్కడే పనిచేసేదాన్ని. ల్యాబు నడిపే డాక్టరమ్మ తలెత్తి చూసి, "నీ బల్ల అలాగే ఉంది. పై దవడలు రెండు అర్జెంటు," అంది. ఆ వేసవి మొత్తంలో ఎందుకొచ్చావని నన్ను అడగని మనిషి ఆవిడొక్కతే.

మిగతా అందరూ అడిగారు. పెదనాన్న అయితే రోజూ ఫోన్‌లో అడిగాడు. ఆయన కోర్టులో హెడ్ గుమాస్తాగా చేసినవాడు. రిటైరయ్యాక వాయిదాలు వేసే పని మా కుటుంబంలో మొదలుపెట్టాడు.

"సంసారమన్నాక గిన్నెలూ గరిటెలూ తగులుకోక మానవమ్మా. చప్పుడవుతుంది, సర్దుకుంటాయి."

"మా ఇంట్లో చప్పుడే లేదు పెదనాన్నా."

"మరింకేం! అంత ప్రశాంతమైన ఇల్లు వదిలి వస్తారా ఎవరైనా?"

దానికి జవాబు ఫోన్‌లో చెప్పేది కాదు. అమ్మకి మాత్రం ఓసారి చెప్పబోయాను. ఆవిడ పక్కలు దులుపుతోంది.

"తాగడు, తిరగడు, చెయ్యెత్తడు. నొప్పెక్కడో చెప్పకపోతే ఎలా తెలుస్తుందే మాకు?"

"నేను తలుపు గడియ పెడతాను కదా. అతనొచ్చి దాన్ని తీసి, మళ్ళీ పెడతాడు."

"ఊఁ?"

"నేను కూర తరుగుతుంటే కత్తి తీసుకుని 'ఇలా' అంటాడు. ఎవరితోనైనా ఫోన్ మాట్లాడి పెట్టేస్తే, 'అలా కాదు, ఇలా అనాల్సింది' అంటాడు. కోపంగా కాదు. నవ్వుతూనే."

అమ్మ దిండు చేతిలో పట్టుకుని నావైపు చూసింది. "గడియేగా!" అంది.

అదీ నిజమే. గడియే.

నేను మేడ మీది గదికి మారిపోయాను. "కింద ఇంత ఇల్లుంటే పైన ఎందుకే?" అంటే, "కిటికీ ఉంది, రంగు వాసన పోతుంది," అన్నాను. ఊరంతా నేనేం తేల్చుకున్నానో వినడానికి చెవులు రిక్కించుకుని ఉంటే, నేను పొద్దున పళ్ళు అరగదీసి, సాయంత్రం రెక్కలు అరగదీశాను.

చాలామంది రాకెట్ చేయడమంటే అతికించడం అనుకుంటారు. అతికించడం ఒక పూట పని. అసలు పని ఆ తర్వాతే. గొట్టం చుట్టూ మెలికలు తిరుగుతూ సన్నటి గాడి ఉంటుంది, అట్ట చుట్టిన చోట. దాన్ని పుట్టీతో పూడ్చాలి. చెక్కకి నారలుంటాయి, అవి రంగులోంచి పైకి కనిపిస్తాయి. వాటినీ పూడ్చాలి. ఎండాక ఉప్పుకాగితంతో రుద్దాలి. ప్రైమర్ కొట్టి, మళ్ళీ రుద్దాలి. అలా ఎంతసేపు అంటే, విసుగొచ్చేదాకా కాదు, విసుగు పోయేదాకా.

ఒక సాయంత్రం నాన్న మేడెక్కి వచ్చాడు. తలుపు దగ్గర నిలబడ్డాడు. ఏదో అడగాలని వచ్చాడని, అమ్మే పంపిందని తెలుస్తూనే ఉంది. అడగలేక, బల్ల మీదున్న రెక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"ఎంత నున్నగా రావాలి?"

"కళ్ళు మూసుకుని తడిమితే చెక్కని తెలియకూడదు."

నాన్న నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలితో రెక్క అంచు తడిమాడు. "తెలుస్తోంది," అన్నాడు. నా దగ్గరున్న ఉప్పుకాగితం ముక్క ఒకటి చింపుకుని, కింద చతికిలబడి రుద్దడం మొదలుపెట్టాడు.

కాసేపటికి కింద నుంచి అమ్మ కేకేసింది. "ఏమంది?"

"ఇంకా గరుగ్గా ఉంది!" అన్నాడు నాన్న.

ఇద్దరం నవ్వాపుకోలేకపోయాం. నేనొచ్చాక ఆ ఇంట్లో మొదటి నవ్వు అదే. కింద అమ్మకి వినిపించి ఒళ్ళు మండిందని ఆ రాత్రి కంచం పెట్టిన చప్పుడులో తెలిసింది.

ఇక రంగు. పెట్టె మీది బొమ్మలో రాకెట్ తెల్లగా, నీలం చారతో ఉంది. అమ్మకి అది నచ్చింది. "తెలుపైతే మర్యాదగా ఉంటుంది," అంది. అసలు రాకెట్టే ఇష్టం లేని మనిషి, వేస్తే తెలుపే వేయాలంది.

"తెలుపు ఆకాశంలో కలిసిపోతుందమ్మా. పైకెళ్ళాక కనిపించదు."

"కనిపించకపోతే ఏం పోయింది?"

నేను నారింజ రంగు తెచ్చాను. మామూలు నారింజ కాదు. రోడ్లు తవ్వేవాళ్ళు తొడుక్కునే కోటుంటుందే, మైలు దూరం నుంచి లారీవాడికి కనబడాలని, ఆ రంగు. అమ్మ ఆ డబ్బా మూత చూసి కళ్ళు చికిలించింది. "నిప్పులా ఉంది."

"ఉండనీ."

తెల్లవారుజామున గాలి ఉండదు కాబట్టి అప్పుడు డాబా మీద కొట్టేదాన్ని. కానీ గాలి మన మాట వింటుందా? ఒకరోజు ఎదురింటావిడ ఓ తెల్లచొక్కా పట్టుకుని వచ్చింది. భుజం మీద సన్నటి నారింజ చుక్కలు.

"మీ అమ్మాయి రంగు కొట్టడమేమో గానీ, మా ఆయన చొక్కాకి తట్టు పోసింది వదినగారూ!"

అమ్మ చచ్చినంత పనైంది. చొక్కా లాక్కుని, "నేను పోగొడతాను, నాకివ్వండి. సెలవులకొచ్చింది, పొద్దుపోక ఏదో..." అంది. ఆవిడ వెళ్ళాక నావైపు తిరిగింది. "ఇంకా ఎన్ని అబద్ధాలాడించాలనుకుంటున్నావు నాచేత?"

"నేనొక్కటి కూడా ఆడమనలేదమ్మా," అన్నాను. ఆ తర్వాత చాలారోజులు అమ్మ నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, నీళ్ళు పెట్టేది, మాట మాత్రం నాన్న ద్వారా వచ్చేది.

నారింజ రంగు ఒక్కసారిగా పట్టదు. పలచగా కొట్టి ఆగాలి. ఆశపడి ఒకేచోట గట్టిగా కొట్టామా, కన్నీళ్ళలా కారుతుంది. గాలి లేదని చివరి పూత ఒక సాయంత్రమే కొట్టేశాను, ఒక్క చోట కూడా కారలేదు. అద్దంలా మెరిసింది. వంగి చూస్తే నా మొహం సన్నగా, పొడుగ్గా అందులో కనిపించింది. వెనక్కి జరిగి నిలబడి, ఇది నేను చేశాను, మొదట్నుంచి చివరిదాకా నేనే చేశాను అనుకున్నాను. అంత చిన్న మాట మనసులో అనుకుని ఎన్నేళ్ళయిందో!

అప్పుడే దుమారం లేచింది. వీధి చివర నుంచి ఎర్రగా దుమ్ము లేచి వస్తోంది. తడి రంగు మీద దుమ్ము పడితే ఇన్నాళ్ళ పనీ మట్టిపాలే. రాకెట్ అడుగున దూర్చిన కర్రని పట్టుకుని, బట్టలు తడుపుకున్న పసిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి దూరంగా ఎత్తి పట్టుకుని, మెట్లు దిగాను. ముందుగదిలో మూల పాత పేపర్లు పరిచి, ఇసుక నింపిన డబ్బాలో కర్ర గుచ్చి నిలబెట్టాను. కిటికీలు మూశాను.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో పెదనాన్న, వెనక అతను. ఇద్దరూ కళ్ళు నులుముకుంటున్నారు. వాయిదాలు చాలించి, పెదనాన్న నేరుగా విచారణకే వచ్చేశాడు.

అమ్మ కంగారుగా కుర్చీలు దులిపింది. అల్లుడికి ఫ్యాను కింది కుర్చీ. అతను అందరినీ పలకరించాడు. నా చేతులకంటిన రంగు చూసి నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అదే నా ఖర్మ.

పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, అబ్బాయి ఇంత దూరం వచ్చాడు. ఎవరిమీదా ఫిర్యాదు లేదంటున్నాడు. పెద్దలమాట చద్దిమూట. సూట్‌కేసు సర్దుకో, అందరం కలిసి బయల్దేరదాం."

నాన్న నేల చూస్తున్నాడు. అమ్మ నా వైపు కళ్ళతోనే బతిమాలుతోంది.

అతను లేచి రాకెట్ దగ్గరికి వెళ్ళాడు. తల పక్కకి వంచి చూశాడు. "ఇన్నాళ్ళూ నువ్వు చేసింది ఇదేనా? ఫరవాలేదే, బాగానే వచ్చింది," అన్నాడు. "కానీ ఈ రంగేమిటి? తెలుపు కదా వేయాల్సింది, పెట్టె మీద ఉందిగా." చెయ్యి చాచాడు.

"ముట్టుకోకండి బాబూ," అన్నాడు నాన్న. "ఇంకా తడిగా ఉంది."

"ఎండినట్టే ఉంది మావయ్యగారూ."

అంటూ బొటనవేలు ఆనించి నొక్కాడు.

కోపంగా కాదు. పంతానికి కూడా కాదు. నాన్న చెప్పింది సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాడు, అంతే. వేలు తీసి, కొనకంటిన నారింజ రంగు చూసుకుని నవ్వాడు. "అరె, నిజంగానే తడిగా ఉందే!" ఇంకో వేలితో ఆ మచ్చని సరిచేయబోయాడు.

"చెయ్యి తియ్."

నాన్న లేవలేదు, అరవలేదు. కానీ అది మైదానం గొంతు. పెళ్ళయిన దగ్గర్నుంచి అల్లుణ్ని 'మీరు' తప్ప అనని మనిషి. అతని చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

అమ్మ మెల్లగా వచ్చి రాకెట్ ముందు వంగింది. వేలిముద్ర గీతలతో సహా పడింది. నిమిషంసేపు దాన్నే చూసింది. ఆసుపత్రిలో ఎవరైనా కట్టు విప్పి పుండు చూపిస్తే అలాగే చూసేది.

"ఆయన తడిగా ఉందని చెప్పారు కదా," అంది, తల తిప్పకుండానే.

"చూద్దామని అత్తయ్యగారూ. ఇంత చిన్న మచ్చ, దీనికెందుకు..."

"అవును. చిన్నదే."

లోపలికెళ్ళి తడిగుడ్డ తెచ్చి అతని చేతికిచ్చింది. "తుడుచుకోండి." తర్వాత పెదనాన్న వైపు తిరిగింది. "బావగారూ, దుమారం తగ్గింది. చీకటి పడకుండా బయల్దేరితే మంచిది మీరు."

పెదనాన్న నోరు తెరిచి, అమ్మ మొహం చూసి, మూసుకున్నాడు. అతను చెప్పులేసుకుంటూ నన్నడిగాడు, అదే నవ్వుతో. "నువ్వెప్పుడొస్తున్నావు మరి?"

"రావటం లేదు."

నా మాటని ఎవరో ఒకరు సరిచేస్తారని అతను కాసేపు చూశాడు. నాన్న వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. ఎవరూ సరిచేయలేదు.

మర్నాడు పొద్దున్న అమ్మ రాకెట్ ముందు నిలబడి, నాతో నేరుగా మాట్లాడింది.

"ఇప్పుడు దీన్నేం చేస్తావు?"

"బాగా ఎండనిచ్చి, నీళ్ళతో తడిపి రుద్ది, మళ్ళీ కొడతాను."

"ఆ కాస్త చోటేనా?"

"కుదరదమ్మా. అతుకు తెలుస్తుంది. మొత్తం రుద్దాలి."

"ఇంతా చేసింది, మొత్తమా?"

"మొత్తం."

అమ్మ ముక్కు ఎగబీల్చింది. "రుద్దు అయితే," అంది.

మళ్ళీ రంగు కొట్టినరోజు గాలి వీస్తూనే ఉంది. అమ్మ పాత దుప్పటి తెచ్చి, రెండు చేతులూ బార్లా చాపి, డాబా మీద తెరలా పట్టుకుని నిలబడింది. "కొట్టు, చేతులు లాగుతున్నాయి," అంటూనే నేను కొట్టినంతసేపూ పట్టుకుంది. అయ్యేసరికి దుప్పటి అంచూ, ఆవిడ గాజులూ నారింజ చుక్కలే. "నాకూ తట్టు పోసింది," అంది. నవ్వలేదు గానీ, తుడుచుకోనూ లేదు.

పెదనాన్న ఫోన్లు ఆగిపోయాయి. అమ్మ మాత్రం బెంగపడటం ఆపలేదు. ఆవిడ బెంగపడితే నేను వద్దనలేదు. ఆవిడా నన్ను వెళ్ళమనలేదు. బేరం కుదిరినట్టే అనుకున్నాం.

వేసవి చివర్లో ఒక ఆదివారం, రాకెట్లు ఎగరేసే క్లబ్బువాళ్ళు నాన్న పనిచేసిన బడి మైదానంలో చేరారు. వీధిలో జనమంతా వచ్చారు, ఎదురింటావిడా వచ్చింది. క్లబ్బు పెద్ద నా రాకెట్ని తిప్పి చూశాడు. రెక్కలు ఊపి చూశాడు. ముక్కు లాగాడు. రాలేదు.

"ముక్కు బిగిసిందమ్మా. రంగు పూతలెక్కువై దళసరెక్కింది. పైకెళ్ళాక ఇది ఊడకపోతే పారాచూట్ బయటికి రాదు. రాయిలా పడుతుంది. ఈసారికి వదిలేయండి, వచ్చే నెల చూద్దాం."

ఆయన మాటలో తప్పేమీ లేదు. కానీ వచ్చే నెలకి వాయిదా అన్న మాట నా చెవికి ఎక్కలేదు.

"ఎంతవరకు టైముంది?"

"అందరివీ అయ్యేదాకా."

"అయితే నాది చివర్న పెట్టండి."

మెలిపెట్టి, మెలిపెట్టి ముక్కు ఊడదీశాను. చీర మడిచి మట్టిలో కూర్చున్నాను. డాక్టరమ్మ దగ్గర తెచ్చుకున్న సన్న ఉప్పుకాగితంతో, గొట్టంలోకి దూరే భాగాన్ని రుద్దాను. ఇంకా బిగువే. మళ్ళీ రుద్దాను. ఒక్కొక్కరి రాకెట్టూ చప్పుడు చేస్తూ లేస్తోంది, జనం చప్పట్లు కొడుతున్నారు. నేను తలెత్తలేదు. చివరికి పెద్దాయన వచ్చి రాకెట్ తలకిందులుగా పట్టుకుని ఊపాడు. ముక్కు జారి ఆయన అరచేతిలో పడింది. "ఇప్పుడు సరే," అన్నాడు.

నేలలో నిలబెట్టిన ఇనప కడ్డీకి తొడిగి, తీగలు తగిలించి, దూరంగా వచ్చి మీట నొక్కాను. ఏమీ కాలేదు. వెనకెవరో కిసుక్కున నవ్వారు. తీగ ఊడిందేమోనని పెద్దాయన వెళ్ళి సరిచూసి వచ్చాడు. మళ్ళీ నొక్కాను.

నిప్పు చిమ్మింది, కడ్డీ మీద ఇక లేదు. బుస్సుమన్న చప్పుడు మాకు అందేలోపే అది పైన ఉంది. ఎండకి తెల్లబడిన ఆకాశంలో ఒక నారింజ గీత. అంతకు ముందు ఎగిరినవన్నీ సగం దూరంలో మాయమయ్యాయట. ఇది మాయం కాలేదు. "అదిగో, ఇంకా కనిపిస్తోంది, అదిగో," అని జనం వేళ్ళు చూపిస్తూనే ఉన్నారు.

నా వెనక ఎదురింటావిడ, మెడ పైకెత్తుకునే, అమ్మనడిగింది. "మీ అమ్మాయి ఇంతదాకా ఉందే? మళ్ళీ వాళ్ళింటికి ఎప్పుడెళ్తోంది?"

నేను వెనక్కి తిరగలేదు. ఊపిరి బిగబట్టుకున్నాను. రాకెట్ కోసం కాదు.

"వెళ్ళదండీ," అంది అమ్మ. "ఇక్కడే ఉంటుంది. వచ్చేసింది."

పైన టప్ మని చిన్న చప్పుడైంది. ముక్కు ఊడింది. పారాచూట్ విచ్చుకుంది. గాలి దాన్నందుకుని మైదానం దాటించి, గోడ దాటించి, బజారు వైపు తీసుకుపోతోంది. నేను చెప్పులు వదిలేసి, కుచ్చిళ్ళు ఎగదోపుకుని పరుగెత్తాను. గేటు దాటి, సైకిళ్ళ మధ్య నుంచి, దుకాణాల ముందు నుంచి, తల పైకెత్తుకుని, ముప్ఫై దాటిన ఆడదాన్ని, నడిరోడ్డు మీద. టీ తాగేవాళ్ళు గ్లాసులు దించి చూశారు. బస్సు కిటికీల్లోంచి చూశారు.

చూస్తే చూడనీ అనుకున్నాను. ఇంకా గట్టిగా పరుగెత్తాను.